తలుపు కింది చీటీలు

1వ తేదీ, ఆదివారం

సాయంత్రం 6.00. కొత్త నోటుబుక్కు! కొత్త పెన్ను! రేపటి నుంచి కొత్త నేను!

ఇవాళ చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్ళకు తలా ఒక కార్డు పంచారు. పైన 'ఇరవై ఒక్క రోజుల స్నేహం' అని ఉంది. కింద రెండు వరసల గళ్ళు. మొదటి వరస దేవునితో స్నేహం, రోజుకు ఇరవై నిమిషాలు. రెండో వరస అందరూ దూరం పెట్టిన ఒక మనిషితో స్నేహం, రోజుకు ఒక్క మాటైనా. చేసిన రోజున గడిలో టిక్కు. చివరి ఆదివారం సాక్ష్యాలు.

"దేవుడు మొదట ఎంతోమంది చేత కబురు పంపాడు. కబుర్లతో పని జరగదని తెలిశాక తనే బయల్దేరి వచ్చాడు. స్నేహమంటే అదమ్మా," అన్నారావిడ.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి ఈ బిల్డింగుకు వచ్చి ఏడాదిన్నర. నాకు ఒక్క స్నేహితురాలు లేదు. ఎవరైనా మెట్ల మీద "బాగున్నావా?" అంటే, నేను జవాబు కూడదీసుకునేలోగా వాళ్ళు ఇంకో అంతస్తు ఎక్కేసి ఉంటారు.

నిర్ణయాలు:
1. పొద్దున 5.10కి లేవాలి. దేవుడితో మాట్లాడాలి.
2. దూరం పెట్టిన మనిషిని వెతకాలి.
3. నోటితో మాట్లాడాలి. తల ఊపితే లెక్కలోకి రాదు.
4. రోజూ డైరీ రాయాలి. (చదువు అయిదో తరగతితో ఆగింది కానీ దస్తూరి ఆగలేదు. మా బేకరీలో కేకుల మీద పేర్లు రాసేది నేనే. వెనక గదిలో కూర్చుని క్రీముతో రాస్తాను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. మా ఆయనే చూసి ఇచ్చారు.)

2వ తేదీ, సోమవారం

పొద్దున 5.10. లేచాను! ఆయన అప్పటికే బేకరీకి వెళ్ళిపోయారు. వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను.

మొదటి చిక్కు. దేవుణ్ణి చర్చిలో అందరూ 'నువ్వు' అంటారు. నేను 'నువ్వు' అనేది బేకరీ పిల్లిని ఒక్కదాన్నే. "మీరు" అన్నాను. మామగారితో మాట్లాడుతున్నట్టు అనిపించి కొంగు సర్దుకున్నాను. స్నేహితుడి ముందు కొంగు సర్దుకోవడమేమిటి? "నువ్వు" అన్నాను. సిగ్గేసింది.

5.14. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. మిగిలిన పదహారు నిమిషాలు బన్నుల పిండి ఎలా కలుపుతారో చెప్పాను. ఆయన విన్నాడనే అనుకుంటున్నాను. టిక్కు!

మధ్యాహ్నం 1.00. కూర తరుగుతూ అత్తయ్యను అడిగాను. "అత్తయ్యా, అందరూ దూరం పెట్టినవాళ్ళు ఎక్కడుంటారు?"

"ఎక్కడో ఎందుకే? కింద చివరి గదిలో లేదూ!"

నిజమే! ఆవిడ పెద్దాసుపత్రిలో శవాల గదిలో పనిచేస్తుంది. చనిపోయినవాళ్ళను ఇంటివాళ్ళకు అప్పగించే ముందు స్నానం చేయిస్తుంది. ఆవిడ మెట్లెక్కుతుంటే జనం గోడకు అంటుకుంటారు. మేడ మీద బట్టల తాళ్ళు అయిదున్నాయి. ట్యాంకు పక్కది ఆవిడది. దాని పక్క తాడు కూడా ఎవరూ వాడరు, గాలి తగులుతుందని. బిల్డింగంతా మిగిలిన మూడు తాళ్ళ కోసం పోట్లాడుకుంటుంది.

దొరికింది! అదీ మన బిల్డింగులోనే! బస్సు ఎక్కే పని కూడా లేదు.

3వ తేదీ, మంగళవారం

5.10. దేవుడితో తొమ్మిది నిమిషాలు. పాలు పొంగాయి. టిక్కు.

సాయంత్రం 6.15. ఆవిడ గది దాకా వెళ్ళాను. చెయ్యెత్తాను. తలుపు నేను కొట్టకముందే తెరుచుకుంది! ఆవిడే, చేతిలో చెత్తబుట్ట. నేను గభాలున కిందికి వంగి బూటు లేసు కట్టుకున్నట్టు నటించాను.

నా కాళ్ళకున్నవి హవాయి చెప్పులు.

ఆవిడ నేను లేచేదాకా ఆగి, చెత్తబుట్ట తీసుకుని వెళ్ళింది. గడి ఖాళీ.

4వ తేదీ, బుధవారం

11.30. మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం. ఆవిడా నేనూ, ఇంకెవరూ లేరు. దేవుడే ఏర్పాటు చేశాడు!

ఆవిడే అంది, "వాన వచ్చేలా ఉంది."

నాకు చాలా జవాబులు తోచాయి. అవునండీ. కాదేమోనండీ. నిన్న కూడా ఇలాగే ఉంది కానీ రాలేదండీ. ఏది బావుంటుందా అని ఎంచుకుంటుండగానే నా తల దానంతటదే ఊగింది.

నిర్ణయం 3 ప్రకారం తల ఊపితే లెక్కలోకి రాదు. కానీ బాగా గట్టిగా ఊపాను. అర టిక్కు.

5వ తేదీ, గురువారం

ఉపాయం! దేవుడే ఇచ్చాడు! (5.22కి, ఆయనకు పిండి గురించి చెబుతుండగా.)

నోరు రాకపోతే చెయ్యి ఉందిగా! కేకు అట్టపెట్టె మూత కత్తిరించి చీటీ రాశాను: 'దేవుడికి మీరంటే ఇష్టం. ఇట్లు, ఒక స్నేహితురాలు.' ఆవిడ డ్యూటీకి వెళ్ళాక తలుపు కింద నుంచి తోశాను. తోడుగా ఒక బిస్కెట్టు. బన్నైతే పట్టలేదు. బిస్కెట్టు పట్టింది కానీ విరిగింది.

నిండు టిక్కు!! ఇంత తేలికా స్నేహం!

8వ తేదీ, ఆదివారం

చీటీలు జోరుగా సాగుతున్నాయి. శుక్రవారం: 'మీ బట్టలు చాలా తెల్లగా ఉంటాయి.' శనివారం: 'మీది కష్టమైన పని.' ఇవాళ్టిది: 'భయపడకండి, మీరు ఒంటరివారు కాదు.' ఇది రాసి తలుపు కింద తోసి, కాళ్ళ చప్పుడు వినిపిస్తే పరుగెత్తుకొచ్చేశాను.

ఆయన భోంచేస్తూ అడిగారు, "ఏంటి సంగతి, ఈస్టు ఎక్కువైన పిండిలా పొంగిపోతున్నావ్?"

"ఏం లేదండీ."

"మూత పెట్టుకో, గిన్నె దాటిపోగలవ్."

9వ తేదీ, సోమవారం

అయిదో చీటీ: 'మీతో మాట్లాడాలని ఉంది.' రాసినవాటిలో నిజంగా నాకు అనిపించింది ఇదొక్కటే.

దేవుడితో ఆరు నిమిషాలు. ఆయనకు అన్నీ తెలుసు కదా, మళ్ళీ మళ్ళీ చెబితే విసుగు.

10వ తేదీ, మంగళవారం

11.45. మేడ దిగి పరుగెత్తుకొచ్చాను.

మేడ మీద తాడుకు నా దిండుగలీబు. దానికి నేను పెట్టని క్లిప్పు. క్లిప్పుకు చీటీ!

'బిస్కెట్లు విరిగినా రుచిగానే ఉన్నాయి. ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను. టీకి రా.'

నేనని ఎలా తెలిసింది? సంతకం పెట్టలేదే! తర్వాత గుర్తొచ్చింది. పోయిన నెల ఆసుపత్రిలో ఎవరో రిటైరైతే కేకు మా దగ్గర నుంచే వెళ్ళింది. దాని మీద పేరు రాసింది నేనే. ఆవిడా ఒక ముక్క తిని, ఆ దస్తూరి చూసే ఉంటుంది.

టీకి రమ్మంది! నన్ను! ఈ బిల్డింగులో నన్ను టీకి పిలిచిన మొదటి మనిషి!

రేపు వెళ్తాను.

11వ తేదీ, బుధవారం

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి. వెళ్ళలేదు.

12వ తేదీ, గురువారం

6.00. తల దువ్వుకున్నాను. 6.10. తలనొప్పి. 6.30. పడుకున్నాను. 7.00. తగ్గిపోయింది. కానీ ఏడింటికి వెళ్తే ఏం బావుంటుంది?

13వ తేదీ, శుక్రవారం

వాన. (చిన్నదే. కానీ వాన వానే.) ఆవిడ గదికి లోపలి మెట్ల మీంచే వెళ్ళొచ్చని అత్తయ్య చెప్పకపోయినా నాకు తెలుసు. దేవుడితో రెండు నిమిషాలు. ఎందుకో ఆయన ముందు కూర్చుంటే 'టీ ఏమైంది' అని అడుగుతాడేమోనని భయం.

14వ తేదీ, శనివారం

సాయంత్రం 4.00. మూడో అంతస్తు మాస్టారు వచ్చారు. ఆయన రిటైరై పదేళ్ళయినా బిల్డింగంతా ఆయనకు ఇంకా ఒక తరగతే. చేతిలో రెండు కాగితాలు.

"అమ్మాయ్, రెండో అంతస్తు పాపకు జ్వరం తెలుసుగా? అదంతా ఆ బట్టల తాడు వల్లే. శవాల్ని ముట్టుకున్న బట్టలు మన నెత్తి మీద ఆరేస్తోంది. ఆవిణ్ణి ఖాళీ చేయించమని యజమానికి అర్జీ పెడుతున్నాం. నా రాత కోడి కెలికినట్టుంటుంది. నీ చేతిరాత ముత్యాలు. కాస్త మంచిగా ఎత్తి రాసిపెట్టు తల్లీ."

వద్దండీ అందామనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చిన మాట, "నీలం సిరానా, నల్లదా అండీ?"

"నల్లదే. గంభీరంగా ఉంటుంది."

గంట పట్టింది. రాస్తున్నంతసేపూ అనుకున్నాను: ఇవి నా మాటలు కావు, మాస్టారివి. కేకు మీద 'శుభాకాంక్షలు' అని రాస్తే అవి నా శుభాకాంక్షలా ఏంటి? పైగా ఇది యజమానికి వెళ్తుంది, ఆవిడ కంట పడదు.

తర్వాత సంతకాలు. అత్తయ్య పెట్టింది. బేకరీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన పిండి చేత్తోనే పెట్టారు. "ఏంటిది?" అని అడిగారు పెట్టాక. మాస్టారు పెన్ను నా వైపు తిప్పారు. "రాసిన చెయ్యి సంతకం పెట్టకపోతే ఏం బావుంటుందమ్మా?"

మూడో సంతకం నాది. అన్నిటికంటే అందంగా వచ్చింది.

5.30. కార్డు చూశాను. 'దూరం పెట్టిన మనిషితో.' గంటసేపు ఆవిడ గురించే రాశాను కదా... అర టిక్కు పెట్టాను.

తీసెయ్యాలి. పెన్నుతో పెట్టింది, పోవడం లేదు.

16వ తేదీ, సోమవారం

11.30. మేడ మీదికి వెళ్ళాను. ట్యాంకు పక్క తాడుకు బట్టల్లేవు. వరసగా చీటీలు. నావే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు. ఆరో క్లిప్పుకు అర్జీ.

ఆవిడ ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బావుండేది.

"ఆరో చీటీ పెద్దదమ్మాయ్, తలుపు కింద పట్టలేదు. యజమానే జిరాక్సు తీసి నా చేతికిచ్చాడు. ముప్ఫయ్యో తారీఖులోగా గది ఖాళీ చెయ్యాలట."

నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను.

"అన్నిట్లోకీ దీన్నే బాగా రాశావు. కొట్టివేత ఒక్కటి లేదు." ఆవిడ లేచి చీటీలు ఒక్కొక్కటే తీసి దొంతి పెట్టింది. "ఈ అయిదు రాసిన అమ్మాయి, ఇది రాసిన అమ్మాయి ఒకరేనా?"

ఒక్క మాట చాలు. అవును అన్నా చాలు. క్షమించు అన్నా చాలు. తల కూడా ఊగలేదు ఈసారి.

ఆవిడే అంది, "పోన్లే. నేను రోజంతా మాట్లాడేది జవాబు చెప్పనివాళ్ళతోనే. నాకు అలవాటే."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. నా బట్టలు తడిగానే తిరిగి తెచ్చాను.

17వ తేదీ, మంగళవారం

రెండో అంతస్తు పాపకు జ్వరం తగ్గింది. పన్ను వచ్చిందట, అందుకే జ్వరమట. మాస్టారికి చెబితే, "ఏదైతేనేం, అర్జీ వెళ్ళిపోయిందిగా," అన్నారట.

18వ తేదీ, బుధవారం

లేవలేదు.

19వ తేదీ, గురువారం

5.10కి మెలకువ వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను, "నువ్వు కూడా నాతో మాట్లాడకు."

ఆయన మాట్లాడలేదు. మామూలే. కానీ రోజూ ఊరుకునేవాడు వింటూ ఊరుకునేవాడు. ఇవాళ నేను చెప్పేది ఇంకా ఉందన్నట్టు ఊరుకున్నాడు.

20వ తేదీ, శుక్రవారం

ఒక కేకు మీద 'పెళ్ళిరోజు' బదులు 'ఖాళీ చెయ్యవలెను' అని రాయబోయాను. ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఏమైంది నీకు?"

చెప్పాను. మొత్తం. పెళ్ళయ్యాక ఆయనతో నేను ఒకేసారి అన్ని మాటలు అనడం అదే మొదలు. ఓవెన్లో ఒక వాయి బన్నులు మాడాయి. ఆయన వినడం ఆపలేదు.

చివరికి అన్నారు, "నేనైతే అది నీళ్ళ ట్యాంకు కడిగించమనే కాగితమనుకున్నా."

22వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం 1.30. చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

పాస్టరమ్మగారు కార్డులు పోగుచేసి, నాది పైకెత్తి చూపించారు. "ఎంత నీటుగా నింపిందో చూడండి! మొదటి సాక్ష్యం ఈ అమ్మాయిదే!" అందరి కార్డుల మీదా కూర మరకలు. నా కార్డే శుభ్రం. నిజానికి సగం గళ్ళు ఖాళీగా ఉంటే శుభ్రంగా కాక ఎలా ఉంటుంది?

మైకు నా చేతికిచ్చారు. అది బరువుగా, చల్లగా ఉంది. రెండు వందల ముఖాలు. నిజం చెప్పేద్దామనుకున్నాను.

"నేను ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు," అన్నాను.

"ఎంత వినయం!" అన్నారు పాస్టరమ్మగారు.

"కాదండీ... చీటీలు వేశాను. తర్వాత ఆవిణ్ణి వెళ్ళగొట్టే కాగితం కూడా నేనే..."

చప్పట్లు! చివరి మాట చప్పట్లలో కలిసిపోయింది. పియానో మొదలైంది. నాకు బహుమతి ఇచ్చారు.

బహుమతి ఏంటంటే, ఇంకో ఖాళీ కార్డు.

3.00. చర్చి నుంచి వచ్చి నేరుగా మూడో అంతస్తు ఎక్కాను. "మాస్టారూ, నా పేరు కొట్టెయ్యండి."

"ఎందులోంచమ్మా?"

"అర్జీలోంచి."

"అది యజమాని బీరువాలో ఉంది. అయినా ఇంత మంచి చేతిరాత కొట్టేస్తే పాపం కదూ?"

జవాబు తట్టలేదు. తట్టేసరికి మెట్లు దిగిపోయాను. జవాబు ఏంటంటే, పాపం రాసినప్పుడే జరిగింది మాస్టారూ.

23వ తేదీ, సోమవారం. మొదటి రోజు

పొద్దున 5.10. లేచాను. స్టూలు మీద కూర్చున్నాను. ఇవాళ పిండి గురించి చెప్పలేదు. ఆవిడ గురించి చెప్పాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. 'నువ్వు' అనే అన్నాను, కొంగు సంగతి గుర్తు రాలేదు.

నిర్ణయాలు:
1. చీటీలు బంద్.
2. దేవుడు కబుర్లు పంపడం మానేసి తనే బయల్దేరి వచ్చాడు. నేనూ బయల్దేరాలి. ఒక్క అంతస్తే.

సాయంత్రం 6.00. "అత్తయ్యా, కింద చివరి గదికి వెళ్తున్నా."

"ఎందుకే?"

"టీకి."

"మనింట్లో టీ లేదా?"

6.04. తలుపు కొట్టాను. పారిపోకుండా ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది.

చెప్పాల్సినవి మూడు మాటలు తయారు చేసుకుని వెళ్ళాను. ఒకటీ లేదు. నోరు తెరిచాను. వచ్చిన మాట:

"వాన వచ్చేలా ఉంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయంత్రపు ఎండ నా ముఖం మీదే పడుతోంది.

ఆవిడ బయటికి తల పెట్టి ఆకాశం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అవును," అంది. "లోపలికి రా, తడుస్తావు."

7.30. గదిలో ఒక మంచం, రెండు పెట్టెలు. అప్పటికే ఒకటి సర్దేసింది. టీలో చక్కెర ఎక్కువ. తప్పు నాదేనని చెప్పాను. "తెలుసు, చదివానుగా," అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, టీ ముక్కులోకి పోయింది.

చనిపోయినవాళ్ళతో ఏం మాట్లాడతావక్కా అని అడిగాను. (అడిగాను! నేనే!)

"ఏముంది, చెయ్యెత్తు తల్లీ, ఇంకొక్క చెంబే, అయిపోయింది, అంటా. చివరిసారి పోసేది కదా, మూగగా ఎలా పోస్తాం? తర్వాత కాలి బొటనవేలికి చీటీ కడతా. పేరు నేనే రాస్తా. నువ్వు పుట్టినరోజుకి రాస్తావు, నేను ఆఖర్న రాస్తా. నీ అంత బాగా రాదులే. ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టలేదు."

రేపు పదింటికి యజమాని దగ్గరికి వెళ్తోందట, గది గురించి అడగడానికి.

"నేనూ వస్తాను," అన్నాను.

"వచ్చి?"

"మాట్లాడతాను."

ఆవిడ ఎంత నవ్విందంటే మంచం కిర్రుమంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "తొమ్మిదీ నలభై అయిదుకు మెట్ల దగ్గర," అంది.

8.00. కొత్త కార్డు. మొదటి గడి: టిక్కు. రెండో గడి: టిక్కు. నిండువి.

రేపు సరిగ్గా తొమ్మిదీ నలభైకి నాకు తలనొప్పి వస్తుంది. నాకు తెలుసు. నా తల సంగతి దేవుడికీ తెలుసు, పొద్దున చెప్పాను.

తలనొప్పితోనే వెళ్తాను.